ముప్పాతిక శాతం తక్కువైంది

నా ఎంకాం మార్కులు 2000కు 1085. శాతంలో చెప్పాలంటే 54.25. పట్టా చేతికి వచ్చిన రోజున రెండో శ్రేణిలో పాసయ్యాననుకుని ఊరుకున్నానే తప్ప, ఆ లెక్కను దశాంశాల దాకా చూడవలసిన అవసరం ఆ తరువాత పన్నెండేళ్ల పాటు రాలేదు. తిరుపతిలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, అడ్మిషన్ల సీటు నుంచి పరీక్షల సీటుకూ, అక్కడి నుంచి స్కాలర్‌షిప్పుల సీటుకూ మారుతూ సీనియర్ అసిస్టెంటునయ్యాను. ఒక కేంద్రీయ విద్యాసంస్థ అసిస్టెంట్ రిజిస్ట్రార్ పోస్టుకు ఇచ్చిన ప్రకటన చదివిన సాయంత్రం ఆ దశాంశాలు గుర్తుకొచ్చాయి. ఏ విషయంలోనైనా సరే పీజీ ఉండాలి, అందులో కనీసం 55 శాతం మార్కులు రావాలి అన్నది అర్హత. నాకు ముప్పాతిక శాతం, అంటే పదిహేను మార్కులు తక్కువయ్యాయి. ఇంప్రూవ్‌మెంట్ రాసే గడువు ఎప్పుడో దాటిపోయింది.

విశ్వవిద్యాలయ పాలనలో మెట్లు ఎలా ఉంటాయో అప్పటిదాకా నేను శ్రద్ధగా చూడలేదు. ఏడో వేతన సంఘం లెక్కన అసిస్టెంట్ రిజిస్ట్రార్ లెవెల్ 10లో 56,100 రూపాయల మూలవేతనంతో మొదలవుతాడు; డిప్యూటీ రిజిస్ట్రార్ లెవెల్ 12, రిజిస్ట్రార్ లెవెల్ 14. రిజిస్ట్రార్ కావడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి: పదిహేనేళ్లు పాఠం చెప్పిన అధ్యాపకులు రావచ్చు, లేదా పదిహేనేళ్ల పాలనానుభవం ఉండి, అందులో ఎనిమిదేళ్లు డిప్యూటీ రిజిస్ట్రారుగా గానీ ఆ స్థాయి పోస్టులో గానీ పనిచేసినవాళ్లు రావచ్చు. ఈ మెట్లన్నీ ఒక్కొక్కటిగా చదువుతూ పోతే నాకు ఒక విషయం వింతగా తోచింది. వేల మంది విద్యార్థుల చదువునూ, పరీక్షలనూ, డబ్బునూ చూసుకునే ఈ ఉద్యోగాలలో దేనికీ పాలన గురించి చదివి ఉండాలన్న షరతు లేదు. వృక్షశాస్త్రంలో 55 శాతం ఉన్నా చాలు, చరిత్రలో ఉన్నా చాలు.

మా అక్క కొడుకు అప్పటికి అమెరికాలో చదువుకుంటూ, వాళ్ల విశ్వవిద్యాలయపు హాస్టళ్ల కార్యాలయంలో కొన్ని గంటలు పనిచేసేవాడు. ఫోనులో ఈ సంగతి చెబితే వాడు నవ్వి, తన పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి సరిగ్గా ఇదే విషయంలో, ఉన్నత విద్యా పాలన అనే పేరుతోనే, మాస్టర్స్ చేస్తోందని చెప్పాడు. అక్కడ అడ్మిషన్ల కార్యాలయంలోనూ, విద్యార్థుల సంక్షేమ విభాగంలోనూ, వసతి గృహాలలోనూ ఉద్యోగాలకు ఆ చదువును అడుగుతారట. తరువాత చదివితే తెలిసింది, ఉన్నత విద్యనే ఒక విషయంగా పాఠం చెప్పడం ఆ దేశంలో 1893లో క్లార్క్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ హాల్‌తో మొదలైంది. విద్యార్థిని మార్కుల వరుస సంఖ్యగా కాక నిండు మనిషిగా చూడాలంటూ అమెరికా విద్యా మండలి 1937లోనే ఒక పత్రం వెలువరించింది. మా కౌంటరు ముందు ఎండలో నిలబడే పిల్లలు గుర్తుకొచ్చి, ఆ 1937 అన్న అంకె దగ్గర కాసేపు ఆగిపోయాను.

నా ముందున్న దారులు ఎక్కువేమీ కావు. ఎంఎడ్ చేయాలంటే ముందు బీఎడ్ ఉండాలి, నాకు లేదు. ఎంబీఏ అంటే మళ్లీ ఎంకాం పాఠాలలో సగం చదవాలి. ఉద్యోగం వదిలే వీలు లేదు, ఇంట్లో ఐదో తరగతి చదివే పాప ఉంది. చివరికి దూరవిద్య విశ్వవిద్యాలయమైన ఇగ్నోలో ఎంఏ ఎడ్యుకేషన్ ఎంచుకున్నాను. మొదటి ఏడాది విద్యాశాస్త్రపు మూలపాఠాలు, పరిశోధనా పద్ధతులు. రెండో ఏడాది ప్రత్యేక విభాగాలలో ఒకటి తీసుకోవాలి. వాటిలో ఉన్నత విద్య ఒకటి, అందులో ఉన్నత విద్యా ప్రణాళిక, నిర్వహణ అనే పేపరు ఉంది. దానికోసమే చేరానని చెబితే అబద్ధమవుతుంది. నేను చేరింది పదిహేను మార్కుల కోసం.

కార్యాలయంలో చెప్పినప్పుడు మా సూపరింటెండెంటు గారు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టి, “ఇరవై ఆరేళ్లుగా ఈ సీట్లో ఉండాను, నాకెవరు నేర్పించారమ్మా?” అన్నారు. ఆ మాటలో హేళన లేదు, నిజంగానే అడిగారు. ఆయనకు చట్టం తెలియదు గానీ ప్రతి ఫైలూ ఏ బీరువాలో ఏ వరుసలో ఉందో తెలుసు. ఏ అధికారి దగ్గరికి ఏ గంటకు వెళితే సంతకం పడుతుందో తెలుసు. ఈ రెండేళ్లలో నేను చదివిన దానిలో ఎంత భాగం ఆయనకు ముందే తెలుసో తరువాత అర్థమైంది. ఎంత భాగం తెలియదో కూడా అర్థమైంది.

చదువు తెల్లవారుజామున సాగేది. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. అలా లెక్కవేసి గోడమీద కాగితం అంటించుకున్నాను గానీ ఆ లెక్క ఒక నెలలోనే తప్పింది. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, ఎంకాంలో అంకెలను ఆసరా చేసుకుని గట్టెక్కిన నాకు, పేజీ పొడవునా అంకె ఒక్కటైనా లేని ఇంగ్లీషు పాఠం కొండ ఎక్కడం లాగే ఉండేది. ఒక పేరా చదివి, పుస్తకం మూసి, దాని సారం తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకునేదాన్ని. అలా రాసుకోలేకపోతే నాకు అర్థం కాలేదని లెక్క. అసైన్‌మెంట్లు చేతిరాతతోనే ఇవ్వాలి. మొత్తం మార్కులలో వాటికి ముప్పై శాతం, చివరి పరీక్షకు డెబ్బై శాతం. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో వస్తాయి. మే నెల గంగమ్మ జాతర వారం రోజులూ మా వీధిలో డప్పులూ, వేషాలూ, చుట్టాలూ నిండిపోయి, ఒక అసైన్‌మెంటు మొత్తం వంటింటి తలుపు మూసుకుని, సద్దికి పెట్టిన కుండ పక్కన కూర్చుని రాశాను. చేరినప్పుడు నా దరఖాస్తులో చిత్తూరు జిల్లా అని రాసిన చిరునామా, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోవడంతో, రెండో ఏడాదికి తిరిగి నమోదు చేసుకునేసరికి తిరుపతి జిల్లా అయింది.

చరిత్ర పాఠాలు విసుగు పుట్టిస్తాయనుకున్నాను, కానీ అవి మా ఊరి దగ్గరికే వచ్చాయి. స్వతంత్రం వచ్చాక విశ్వవిద్యాలయాల మీద వేసిన మొదటి కమిషన్‌కు 1948లో అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. చిన్నప్పుడు ఆయన తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చదువుకున్నారు. విశ్వవిద్యాలయాలకు డబ్బు పంచే సంఘం ప్రభుత్వ శాఖలా కాక స్వతంత్రంగా ఉండాలన్న ఆ కమిషన్ ఆలోచన నుంచే 1953లో యూజీసీ మొదలై, 1956లో చట్టబద్ధమైంది. రాధాకృష్ణన్‌కు ముందూ వెనకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్న కట్టమంచి రామలింగారెడ్డి ఊరు ఇప్పుడు చిత్తూరు పట్నంలో కలిసిపోయిన కట్టమంచి. 1926లో ఒక కొత్త విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టిన ఆయన, ఉద్యమకారుల మీద ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా ఆ పదవినే వదిలేసి, 1936లో మళ్లీ వచ్చి 1949 దాకా నడిపారు. మేము చిత్తూరు వెళ్లినప్పుడల్లా కట్టమంచి చెరువు మీదుగానే బస్సు పోతుంది. అంతకుముందు ఆ పేరు నాకు ఒక స్టాపు మాత్రమే. సంస్థ నడపడమంటే సంతకాలు పెట్టడం ఒక్కటే కాదనీ, ఎప్పుడు సంతకం పెట్టకూడదో తెలియడం కూడా అనీ ఆ పాఠం దగ్గర నేను మార్జిన్‌లో రాసుకున్నాను. ఆ మాట రాసుకున్న కొద్ది నెలలకే అది నా మెడకు చుట్టుకుంది.

కళాశాలల నాణ్యతను కొలిచి గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ న్యాక్. మా కళాశాలకు దాని గడువు దగ్గరపడింది. అప్పటి పద్ధతిలో న్యాక్ గుర్తింపు ఐదేళ్లు ఉండేది, తరువాత మళ్లీ మొదటి నుంచి నివేదిక పెట్టుకోవలసి వచ్చేది. బయటివాళ్లకు న్యాక్ అంటే గేటు మీద కట్టే బ్యానరు, దానిమీద పెద్ద అక్షరంలో గ్రేడు. లోపలివాళ్లకు అది ఏడు క్రైటీరియాలు, వెయ్యి మార్కులు, అంతులేని ఎక్సెల్ షీట్లు. పాఠ్యప్రణాళిక, బోధన-మూల్యాంకనం, పరిశోధన-విస్తరణ, వసతులు, విద్యార్థులకు అండ, పాలన-నాయకత్వం, విలువలు-మంచి పద్ధతులు అనే ఈ ఏడింటి కింద, 2017లో వచ్చిన మార్పుతో సుమారు డెబ్బై శాతం అంకెలతో నిరూపించవలసినవే అయ్యాయి. అంకె ఇచ్చాక ఆధారం ఇవ్వవలసి వచ్చేది, ఆధారాన్ని బయటి సంస్థ సరిచూసేది, తేడా ఉంటే ప్రశ్న వచ్చేది. మాకు ఐక్యూఏసీకి, అంటే కళాశాల లోపలి నాణ్యతా విభాగానికి, సమన్వయకర్తగా ఉన్న ఫిజిక్స్ లెక్చరరు మేడం పగలంతా క్లాసులు చెప్పి, రాత్రి తొమ్మిది దాకా మా కార్యాలయంలో కూర్చుని ఈ పని చేసేవారు. నేను ఆవిడకు సహాయం.

మొదట్లో దీన్ని నేను ఒక పెద్ద తనిఖీ అనుకున్నాను. తనిఖీ అంటే పై అధికారి వచ్చి తప్పు పట్టడం, మనం దాచడం. పుస్తకంలో చదివిన స్వీయ మూల్యాంకనం అనే మాట వేరు: సంస్థ తన లెక్క తానే తీసుకుని, అది తనకు ఏం చెబుతోందో చూసుకోవడం. రెండింటికీ నింపే కాగితం ఒకటే కావడంతో, మా దగ్గర రెండోది ఎప్పుడూ మొదటిదిగానే మారిపోయేది. ఒక రాత్రి, జరగని సమావేశాలకు మినిట్స్ రాయమని నన్ను అడిగారు. పూర్వ విద్యార్థుల సంఘం ఏడాదికి రెండుసార్లు కలిసినట్టు ఐదేళ్లకు పది సమావేశాలు కావాలి, జరిగినవి మూడు. నేను కాదన్నానని రాసుకుంటే ఈ రాతకు గౌరవంగా ఉండేది. రెండింటికి రాశాను. చర్చించిన అంశాలు, తీర్మానాలు, కృతజ్ఞతలు అన్నీ చక్కగా కుదిరాయి, ఎందుకంటే అప్పటికి నోటింగ్, డ్రాఫ్టింగ్ మీద నాకు మంచి పట్టు వచ్చింది. మూడోది మొదలుపెట్టి, హాజరైనవారి పేర్ల దగ్గర చెయ్యి ఆగింది. ఆ పేర్లలో ఒకమ్మాయి ఆ వారమే నాకు ఫోను చేసి తన సర్టిఫికెట్ల కోసం బతిమాలింది. మిగిలినవి రాయలేనని మేడంతో చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడకుండా కూర్చుని, జరిగిన మూడే పెడదాం, పోయే మార్కులు పోనీ అన్నారు. నేను రాసిన ఆ రెండూ కూడా తీసేశారు. ఆ నిర్ణయం ఆవిడదే, దానివల్ల మాట పడ్డదీ ఆవిడే.

ఆ అమ్మాయి ఫోనుకు మూలం న్యాక్ నివేదికలోని 5.2 అన్న శీర్షిక. విద్యార్థుల పురోగతి, అంటే చదువు ముగించినవాళ్లలో ఎందరు ఉద్యోగాలలో చేరారు, ఎందరు పై చదువులకు వెళ్లారు అన్న లెక్క దాని కిందికి వస్తుంది. ఆ లెక్క కోసం నేను పాత విద్యార్థులకు వరుసగా ఫోన్లు చేస్తున్నాను. బాగున్నావా, ఎక్కడ చేస్తున్నావు అని అడగగానే, పదిమందిలో నలుగురైదుగురు తిరిగి అడిగే ప్రశ్న ఒకటే: “మేడం, మా ఒరిజినల్స్ ఎప్పుడిస్తారు?” వాళ్లు పై చదువుకు వెళ్లారని నేను మార్కులు తెచ్చుకోవాలి, వెళ్లడానికి కావలసిన టెన్త్, ఇంటర్ మెమోలు మాత్రం నా కుర్చీ వెనక ఉన్న ఇనుప బీరువాలో ఉన్నాయి. పన్నెండేళ్లుగా ఆ బీరువా తాళం చెవి నా డ్రాయరులోనే ఉంది.

ఒరిజినల్స్ పట్టి ఉంచడం మా కళాశాల ఒక్కదాని అలవాటు కాదు, దాని వెనక ఒక కారణమూ ఉంది. మా పిల్లల్లో ఎక్కువమంది ఫీజు ప్రభుత్వం తిరిగి చెల్లించేదే. పథకం పేరూ, డబ్బు చేరే దారీ కాలాన్నిబట్టి మారాయి. చాలా ఏళ్లు కళాశాల ఖాతాకు వచ్చింది, 2021 నుంచి కొంతకాలం తల్లుల ఖాతాలకు వెళ్లింది. దారి ఏదైనా, చదువు జూన్‌లో ముగిస్తే చివరి విడత ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. డబ్బు వచ్చేదాకా కాగితాలు ఇవ్వకపోవడమే యాజమాన్యానికి ఉన్న హామీ. అయితే ఒరిజినల్స్‌ను చేరే సమయంలో సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలనీ, వాటిని సంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదనీ యూజీసీ 2018 అక్టోబరులోనే స్పష్టంగా చెప్పింది. ఆ ఉత్తర్వు మా కార్యాలయానికి చేరలేదని చెప్పలేను. వెతికితే ఇన్‌వార్డు రిజిస్టరులో దాని నంబరు కనిపించింది. ఎదురుగా నా పొడి సంతకం ఉంది.

ఎంఏలో రాయవలసిన డిసర్టేషన్‌కు, అంటే పరిశోధనా వ్యాసానికి, విషయం అలా కుదిరింది: ఒక అనుబంధ కళాశాలలో ధ్రువపత్రాలు తిరిగి ఇవ్వడంలో ఆలస్యం, కారణాలు. మార్గదర్శిగా ఉన్న ప్రొఫెసరు గారు నా ప్రతిపాదన చదివి, ప్రశ్నావళి బాగుందన్నారు గానీ ఒక్క మాట అడిగారు. “మీరు ప్రశ్నలడిగే పిల్లల కాగితాలు ఎవరి చేతిలో ఉన్నాయి?” నా చేతిలోనే అన్నాను. “అయితే వాళ్లు మీకు నిజం ఎందుకు చెబుతారు?” పరిశోధనా పద్ధతుల పేపరులో నమూనా ఎంపిక, విశ్వసనీయత, ప్రామాణికత అన్నీ చదివి మంచి మార్కులే తెచ్చుకున్నాను; ఆ ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు. ఆ తరువాత ప్రశ్నావళిలో పేర్లు తీసేసి, వాటిని నాతో సంబంధం లేని ఒక పరిశోధక విద్యార్థిని ద్వారా పంపించాను. అరవై మందికి పంపితే నలభై ఏడుగురు జవాబిచ్చారు. నేను ఎదురుగా ఉండి అడిగి ఉంటే వచ్చి ఉండేవని అనుకోని జవాబులు వాటిలో ఉన్నాయి. ఒకరు రాశారు: సర్టిఫికెట్ కోసం మూడుసార్లు పుంగనూరు నుంచి వచ్చాను, ప్రతిసారీ సీట్లో మేడం భోజనానికి వెళ్లారన్నారు. ఆ మేడం నేనే.

బీరువా తెరిచి లెక్కపెట్టడానికి మూడు శనివారాలు పట్టింది. 238 మంది కాగితాలున్నాయి. నేను అనుకున్నది, అవన్నీ ఫీజు బాకీ ఉన్నవాళ్లవని. ఒక్కొక్క కవరునూ ఫీజు లెడ్జరుతో సరిపోల్చితే, బాకీ ఉన్నవాళ్లు సగానికంటే తక్కువ. మిగిలినవాళ్ల డబ్బు ఎప్పుడో వచ్చేసింది. వచ్చిందని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. స్కాలర్‌షిప్పుల సీటులో జమ నమోదవుతుంది, సర్టిఫికెట్లు అడ్మిషన్ల సీటులో ఉంటాయి, ఈ రెండు సీట్ల మధ్య ఒక చీటీ కదలాలన్న పద్ధతి ఏ రోజూ లేదు. దుర్మార్గులనడానికి ఎవరూ దొరకలేదు. నాకు కోపం వచ్చింది గానీ ఎవరిమీద చూపాలో తెలియలేదు, ఎందుకంటే ఆ రెండు సీట్లలోనూ నేనే పనిచేశాను. సంస్థ నిర్వహణ పాఠంలో విభాగాల మధ్య సమన్వయం అని ఒక పొడి మాట వస్తుంది, పరీక్షకు ఐదు మార్కుల ప్రశ్న. ఆ మాటకు బరువెంతో ఆ మూడో శనివారం సాయంత్రం నేలమీద పరిచిన కవర్ల మధ్య కూర్చున్నప్పుడు తెలిసింది.

కరస్పాండెంటు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు యూజీసీ ఉత్తర్వును పైన పెట్టలేదు. నిబంధన చూపి పెద్దవాళ్లను ఒప్పించిన సందర్భం నా అనుభవంలో లేదు. మొదటి కాగితంగా బాకీ లేకుండా మన దగ్గర ఉండిపోయిన కవర్ల జాబితా పెట్టాను. రెండోదిగా, ఈ కవర్ల కోసం కౌంటరు దగ్గర రోజూ పోతున్న సమయం. మూడోదిగా, కాగితాలు పట్టి ఉంచినవాళ్లలోనూ ఇచ్చేసినవాళ్లలోనూ బాకీ వసూలైన తీరు. ఈ మూడో పట్టికలో రెండు వరుసలకూ పెద్ద తేడా లేదు, ఎందుకంటే డబ్బు ఇవ్వవలసింది పిల్లలు కాదు. ఆయన ఆ పట్టికనే చాలాసేపు చూశారు. బాకీ లేనివి వెంటనే ఇచ్చేయమన్నారు. బాకీ ఉన్నవాళ్ల దగ్గర హామీపత్రం రాయించుకుని ఇవ్వమన్నారు. కొత్తగా చేరేవాళ్ల ఒరిజినల్స్ సరిచూసి ఆ రోజే తిరిగి ఇవ్వడానికి మాత్రం ఒప్పుకోలేదు. “పక్క కాలేజీవాళ్లు మొదలుపెట్టనీ, చూద్దాం” అన్నారు. ఉత్తర్వు అప్పుడు తీసి చూపాను. అది చదివి మడిచి ఫైలులో పెట్టుకున్నారు.

పరీక్షలు, ఫలితాలు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 63 శాతం వచ్చింది. నాకు కావలసిన దానికంటే ఎనిమిది శాతం ఎక్కువ.

దరఖాస్తుల అధ్యాయం వేరే పాఠం నేర్పింది. అర్హత చేతికొచ్చాక ప్రకటనలను మరింత జాగ్రత్తగా చదివితే, కొన్ని సంస్థలు పీజీతో పాటు ఏళ్ల తరబడి అనుభవమూ అడుగుతాయి. ప్రైవేటు కళాశాలలో చేసిన ఏళ్లను అనుభవంగా లెక్కించని ప్రకటనలూ ఉన్నాయి. వయోపరిమితి ఎవరికోసమూ ఆగదు. రాతపరీక్ష సిలబస్‌లో నేను చదివిన ఎంఏ పాఠం చాలా తక్కువ. అక్కడ కావలసింది 2017 సాధారణ ఆర్థిక నియమాలు, సెలవుల నిబంధనలు, రిజర్వేషన్ రోస్టర్లు, 2005 సమాచార హక్కు చట్టం, నోటింగ్-డ్రాఫ్టింగ్. వాటిని మళ్లీ విడిగా చదివాను. ఒకచోట రాతపరీక్ష దాటి ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. చట్టం (యాక్ట్), శాసనం (స్టాట్యూట్), అధినియమం (ఆర్డినెన్స్), నిబంధన (రెగ్యులేషన్), ఈ నాలుగింటికీ తేడా ఏమిటని అడిగారు. చట్టం శాసనసభో పార్లమెంటో చేస్తుంది. దానికి లోబడి శాసనాలు, వాటికి లోబడి అధినియమాలు, వాటికి లోబడి నిబంధనలు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కార్యనిర్వాహక మండలి శాసనం చేసినా విజిటరుగా ఉన్న రాష్ట్రపతి ఆమోదం కావాలి అని చెప్పాను. జవాబు సరిగానే ఉందన్నారు. ఎంపిక కాలేదు. ఆ బోర్డు నన్ను అడగని ప్రశ్నలు చాలా ఉన్నాయని తిరుగు ప్రయాణంలో అనుకున్నాను. కౌంటరుకు అవతల ఉన్న మనిషి గురించి ఒక్కటీ అడగలేదు. ఓడినవాళ్లకు ఇలాంటి ఆలోచనలు సులువుగానే వస్తాయన్నదీ నిజమే.

ప్రస్తుతం ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో పరీక్షల విభాగంలో సెక్షన్ ఆఫీసరుగా ఉన్నాను. జీతం పాతదానికంటే మేలు, అసిస్టెంట్ రిజిస్ట్రారు జీతానికి దూరం. ఈ పోస్టుకు వాళ్లడిగిన విద్యార్హత డిగ్రీ మాత్రమే, నా 54.25 గురించి గానీ, 63 గురించి గానీ ఎవరూ అడగలేదు. ఇంటర్వ్యూలో దాదాపు అరగంట బీరువా గురించే మాట్లాడించారు. ఆ మూడో పట్టిక ఎలా తయారుచేశానో కాగితం మీద గీసి చూపమన్నారు.

పాత కళాశాలలో చార్జి అప్పగించేటప్పుడు బీరువాలో 19 కవర్లు మిగిలాయి. ఫోను నంబర్లు మారిపోయినవాళ్లవి, ఉత్తరం రాస్తే తిరిగొచ్చినవాళ్లవి. జాబితా టైపు చేసి, ప్రతి పేరుకూ ఎదురుగా ఎన్నిసార్లు ప్రయత్నించిందీ రాసి, సూపరింటెండెంటు గారి చేతికిచ్చాను. ఇచ్చేముందు చివరిసారిగా ఒక నంబరు కలిపి చూస్తే భాకరాపేట నుంచి ఒక తల్లి ఎత్తింది. కూతురికి పెళ్లయి నాలుగేళ్లయిందట, వేలూరులో ఉంటోందట. ఎవరు మాట్లాడుతున్నదీ చెప్పి, పాప కాగితాలు తీసుకెళ్లమన్నాను. అవతల కాసేపు మాట లేదు.

“ఆ కాయితాలు ఇంకా ఉండాయా అమ్మా? అవి పొయినాయనుకోని దాన్ని పైకి చదివించలేదే.”

సోమవారం అల్లుణ్ణి పంపిస్తానంది. ఆ కళాశాలలో నా ఆఖరి రోజు శనివారం. కవరు బీరువాలోంచి తీసి, పేరు పెద్ద అక్షరాలతో రాసి, సూపరింటెండెంటు గారి బల్లమీద పేపర్‌వెయిట్ కింద పెట్టి వచ్చాను.